రెండు నెలల మర్యాద

"మీ గోలీలు పనిచేయలే, డాక్టరమ్మా. ఏసుకున్న మూడు నెలలూ నా కోడలు ముట్టయ్యి వాకిట్లనే కూసుండె," అంది కిష్టమ్మ.

"ముట్టు సక్కగ రావాలనే ఇచ్చిన, అమ్మా. ముట్టు తప్పించే పీసీఓఎస్ అదుపుల ఉంటది గానీ, గోలీ ఏసుకోంగనే కడుపు రాదు."

"గిప్పుడు రెండు నెలల సంది రాలే. జర చూడుండ్రి."

డాక్టరు పరీక్ష చేయించింది. గర్భం లేదు. కిష్టమ్మ బయటికి వెళ్లిపోయింది.

"గోలీలు ఆపేసినవా?" డాక్టరు కోడలు సౌందర్యను అడిగింది.

ఆమె తల ఊపింది.

"అన్నీ చెప్పినంక గూడ ఎందుకు ఆపినవు?"

"ఏసుకుంటే నెలనెలా ముట్టొస్తది, మేడం. వాకిట్ల కూసోబెట్టి, 'ఈ నెల గూడ పాయె' అని మా అత్త వచ్చేపోయేటోళ్లందరికీ చెప్తది. ఆపేస్తే ముట్టు రాదు. ఈ రెండు నెలలు కడుపనుకొని పల్లికాయ బస్తా ముట్టనియ్యలే. పొద్దుగాల్నే లేచి ఆమెనే పాలు కాచిచ్చింది."

డాక్టరు మందుల చీటీ దగ్గరికి లాక్కుంది.

తలుపు సందులోంచి కిష్టమ్మ గొంతు వినిపించింది: "ఇంకెంతసేపు? పొలంకాడ పనున్నది."

సౌందర్య లేచి కొంగు సర్దుకుంది.

"గోలీలు రాయుండ్రి, మేడం. ఇయ్యాల్టి సంది పాలు బందే కదా, ఏసుకుంట."