దిగొచ్చిన ధర

"రెండు రకాల సినిమా డిస్కుల కొట్లాట తెమిలిపోయిందమ్మా. ఇక అంతా ఇదే," అన్నాడు షాపతను, గెలిచిన రకం ప్లేయరును బల్లమీద పెడుతూ.

"అయితే ధర తగ్గాలి కదా?" అందామె.

"పోటీ ఉన్నన్నాళ్ళూ కంపెనీలవాళ్ళు తగ్గించారు. ఇప్పుడు వాళ్ళకేం అవసరం? పోయిన నెలకన్నా పెరిగింది. ఏడాది ఆగితే దిగొచ్చు."

సినిమాలంటే ప్రాణం పెట్టే ఆమె భర్త, ఒకటి ఓడిపోతే రెండోది చవకవుతుందని రెండేళ్ళుగా ఆగుతూ వచ్చాడు.

"ఇచ్చేయండి," అందామె. బేరమాడలేదు.

"ఆగితే మీకే లాభమమ్మా."

"ఆగడానికి లేదు. మా ఆయనకున్న ఆ కాస్త చూపూ వచ్చే ఏడాదికి ఉండదని డాక్టరు చెప్పాడు. ఆయనకింకా తెలీదు."

గుమ్మం బయట కుర్చీలో కూర్చున్న భర్తను ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన అట్టపెట్టె మీద ధర వేసిన పెద్ద పెద్ద ఎర్ర అంకెలకు ముక్కు ఆనేంతగా వంగాడు.

"ఎంతకొచ్చిందే?"

"సగానికి దిగిందండి."

షాపతను తల వంచుకుని బిల్లు రాస్తున్నాడు.

"చూశావా," అన్నాడాయన తృప్తిగా, "తొందరపడి ఉంటే నష్టపోయేవాళ్ళం."