పొట్టకి కట్టుకున్న ముద్దలు

"కొండెక్కడానికి టిక్కెట్టు, దిగడానికి టిక్కెట్టు! ఇప్పుడు మా నోటికాడి ముద్ద మీద కూడా పడ్డారా?" అని స్కీ క్యాంటీన్‌లో అరిచాను.

కోటు కింద పొట్టకి కట్టుకున్న ఓనిగిరి మూట అప్పటికే దొరికిపోయింది. నిన్న జేబులో పెడితే ఆ అన్నం ముద్దలు చలికి గడ్డకట్టి, కొరకబోయిన మా అమ్మాయి కొతోహాకి పన్ను ఊడింది.

"బయటి తిండి ఇక్కడ తినకూడదండీ. బోర్డు చూడండి," అంది వడ్డించే తోకికో తల వంచి.

"బోర్డు తింటే కడుపు నిండుతుందా? మీ కూరన్నం మేం కొనలేం."

"అమ్మా, బయటే తిందాం," అని కొతోహా నా కోటు లాగింది.

"ఆ మంచులోనా? ఇంకో పన్ను పోగొట్టుకుంటావా?"

తోకికో గొంతు తగ్గించింది. "అరవకండమ్మా. నా వెనకే రండి."

బూట్లు ఆరబెట్టే గదిలోకి తీసుకెళ్లింది. కంపు ముక్కు బద్దలు కొట్టింది. వేడి గొట్టం మీద ఏడు అన్నం మూటలున్నాయి.

"ఎవరివి?"

"వంటవాళ్లవి. నాదీ ఉంది. మేం వండే కూరన్నం మేమూ కొనలేం. ఇక్కడే తింటాం."

నా మూట విప్పి చేతిలోకి తీసుకున్నాను.

"మూటలన్నీ తీయండి తోకికో గారూ, వంటవాళ్లనీ పిలవండి. అందరం క్యాంటీన్ హాల్లోనే తిందాం. ఆ బోర్డు ఇప్పుడే పీకాలి!"