తొలి స్టేషన్‌లో మొదటి పోపు

"ఆవాలా? ఈ స్టేషన్‌లో ఆవాలా? ఒక్క గింజ ఎగిరి ఫ్యాన్లో పడితే మనకి గాలి ఉండదే!" అని అత్తగారు రత్నమాంబ కేకలేసింది.

"మూత బిగించాను అత్తయ్యా, మీరే చూడండి" అంది హైమ, గాజు గిన్నెని పొయ్యికి కట్టేస్తూ.

భూమి చుట్టూ తిరిగే ఈ మొట్టమొదటి స్టేషన్‌కి రత్నమాంబ తొలి బృందంతో వచ్చింది. అప్పట్లో తిండి గొట్టాల్లో ముద్ద, నిద్ర గోడకి కట్టిన సంచీలో. ఇప్పుడు జనమంతా ఒంటి బరువు తెలిసే కొత్త స్టేషన్లకి వెళ్లిపోయారు. మిగిలింది రత్నమాంబ, ఆవిడ కొడుకు, కోడలు హైమ, అంతే. "ఇది పనిచేసే చోటే గాని కాపురముండే చోటు కాదు" అని ఆవిడే తేల్చి చెప్పడంతో రేపు దీన్ని సముద్రంలో కూల్చేస్తున్నారు. హైమ కాపురానికి వచ్చింది మాత్రం ఇక్కడికే.

ఆవాలు చిటపటలాడుతూ నలుదిక్కులా గాజుకి కొట్టుకున్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. గిన్నె నోటిని చారు సంచీకి తగిలించేసరికి ఇంగువ వాసన చివరి గది దాకా పాకింది.

భోజనాల దగ్గర రత్నమాంబ గొట్టంతో చారు ఒక గుక్క పీల్చి కళ్లు మూసుకుంది. రెండో గుక్కకి కొడుకు వైపు తిరిగింది.

"ఒరే మురారీ, మూటలు విప్పరా. కూల్చమన్నదీ నేనే, కూడదంటున్నదీ నేనే. కొత్త స్టేషన్ల వాళ్లందరికీ కబురు పెట్టు, రేపు మనింట్లో భోజనమని."