గెడ్డలో తెప్పలు

నా పేరు గరికిన పోలమ్మ. వయసు డెబ్బై మూడు. మల్కాపురం గెడ్డ ఒడ్డున, జాలరి పేటలో కొడుకు అప్పలసూరి, కోడలు, మనవరాలితో ఉంటాను. నాకు చదువు రాదు. వకీలు గుమాస్తా రాస్తున్నాడు.

మా గెడ్డ సముద్రంలో కలిసే మొగలో కంపెనీ జెట్టీకి సర్కారు అనుమతి ఇచ్చింది. జెట్టీ లేస్తే మా ఇరవై రెండు తెప్పలు సముద్రంలోకి పోలేవు. ఆ అనుమతిని కొట్టేయమని కోర్టుకు వచ్చాం.

'స్థానిక మహిళ చెప్పిన ప్రకారం ఇక్కడ పడవలు తిరగవు' అని అనుమతి కాగితంలో ఉంది. అది అబద్ధం. సర్వేవాళ్లు వచ్చింది చేపల వేట నిషేధం రోజుల్లో. అప్పుడు తెప్పలన్నీ ఒడ్డుకెక్కించి ఉంటాయి.

ఒక్కటి తప్ప. మా అప్పలసూరి ఆ రోజు దొంగచాటుగా వేటకెళ్లాడు.

"ఇక్కడ తెప్పలు తిరుగుతాయా, మామ్మా?" అని ఒక ఆఫీసరు నన్నే అడిగాడు. నిషేధం మీరినవాళ్లను పట్టుకోవడానికి వచ్చాడనుకున్నాను.

"ఒక్క తెప్పా తిరగదు బాబూ, నా మనవరాలి మీద ఒట్టు! నాను సెప్తన్నాను కదా!" అన్నాను. ఆయన రాసుకున్నాడు.

ఆ మహిళను పేటంతా ఏడాదిగా తిడుతోంది. వాళ్లతో కలిసి నేనూ తిట్టాను.

గుమాస్తా కలం ఆపాడు. "ఇదీ రాయమంటావా, మామ్మా?"

"ఏటలా సూత్తన్నావ్? రాయి. రాయకపోతే గెడ్డ పోద్ది."

గరికిన పోలమ్మ వేలిముద్ర.

సాక్షులు: గరికిన అప్పలసూరి, కొడుకు, సంతకం పెట్టాడు. సూరాడ ఎర్రన్న, తెప్ప యజమాని, ఇదంతా విని లేచి వెళ్లిపోయాడు.