ఖాళీ గది నిశ్శబ్దం

"ఈ పాడుబడ్డ కొంపలో నీకేమన్నా అయితే మీ నాన్నకి నేనేం చెప్పుకోవాలే?" అన్నాను.

"అయ్యేదేదో సినిమా పూర్తయ్యాక అవ్వమను," అని నవ్వింది మా అమ్మాయి.

కాలేజీ ప్రాజెక్టుకి సొంతంగా సినిమా తీస్తోంది. చీకటి పడ్డాక తోటివాళ్లంతా వెళ్లిపోయారు. ఒక్క పని మిగిలింది. ఖాళీ గదిలోని నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయాలట, తర్వాత మాటల మధ్య అతకడానికి.

హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించింది. "మైకు పెట్టి వస్తా. నువ్వు కిక్కురుమనకు." గుయ్‌మంటోందని హాల్లో లైటు ఆర్పేసి, లోపలి గదిలోకి వెళ్లింది. కాసేపటికి వచ్చి, తలుపు మూసి, నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

హెడ్‌ఫోన్లలో ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. నాదేనేమో అనుకుని బిగబట్టాను. అది ఆగలేదు. పక్కనున్న దీనిదేమో అనుకుందామంటే, మైకు తలుపు అవతల ఉందాయె. అయోమయంగా దాని వైపు చూశాను. చీకట్లో కదలకుండా కూర్చుంది.

ఉండబట్టలేక అడిగేశాను. "లోపల ఎవరు?"

ఊపిరి ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకున్న చెయ్యి మాత్రం బిగుసుకుంది.

అప్పుడు హెడ్‌ఫోన్లలో మా అమ్మాయి గొంతు మెల్లగా పలికింది.

"నేనేనమ్మా. బయట గడియ ఎవరు పెట్టారు?"