అక్క సినిమా

ఇప్పుడు సినిమాలు ఎవరూ బయట కూర్చుని చూడరు, లోపలికే వెళ్తారు. మా అక్క హత్య మీద తీసిన సినిమాలోకి నేను రోజూ సాయంత్రం గిన్నెలు తోమేసి వెళ్తాను. నీరెండ ఎన్నేళ్ళైనా వాడని ఆ వంటింట్లో అక్క కూనిరాగం తీస్తూ కాకరకాయలు తరుగుతుంటుంది. కూతురు హిమజ, దాని ప్రాణస్నేహితురాలు బడి నుంచి వచ్చేలోపు నేను లేచి వచ్చేస్తాను. తమను విడదీస్తోందని అక్కను చంపింది ఆ పిల్లలిద్దరే.

నిన్న వెళ్ళేసరికి నెరిసిన జుట్టుతో ఒకామె వీధి తలుపుకు లోపలి నుంచి భుజం ఆనించి నిలబడి ఉంది. జైలు నుంచి విడుదలైన హిమజే.

"ఇక్కడేం చేస్తున్నావే?" అన్నాను.

"నువ్వూ ఓ చెయ్యి వెయ్యి పిన్నీ," అంది గడియ బిగించి పట్టుకుని. "మేం బడి నుంచి వచ్చే వేళైంది."