చప్పుడుకి పరీక్ష లేదు

"మళ్ళీ ఫెయిలే," అన్నాడు ఇన్‌స్పెక్టరు, సైలెన్సరు గొట్టంలోంచి మీటరు పుల్లను బయటికి లాగుతూ. "ఈ బండి పెట్రోలు తాగడం లేదమ్మా. సగం పుక్కిలించి ఉమ్మేస్తోంది."

కారు పక్కన నిలబడ్డ ఆమె చెవి ఇంజను మీదే ఉంది. అదింకా నడుస్తూనే ఉంది. రెండు దెబ్బలు కొట్టి, ఓ గుటక మింగి, మళ్ళీ రెండు దెబ్బలు. పొగ పరీక్షకి వెనక వరసలో ఆగినవాళ్ళు తలలు బయటపెట్టి చూస్తున్నారు.

ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తి లోపలికి వంగాడు. "కంపెనీ కంప్యూటరు పీకేసి ఈ బయటి డబ్బా ఎవరు పెట్టారు?"

"మా ఆయన."

"ఆయన్నే రమ్మనండి. ఇంజనుకి ఈ ఎక్కిళ్ళు ఎందుకు పెట్టాడో అడుగుతాను."

ఆమె బానెట్ అంచు తుడుస్తూ ఉండిపోయింది. వెంట వచ్చిన మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. "కిందటేడు పోయాడు సార్."

ఇన్‌స్పెక్టరు కాసేపు మీటరు వైర్లు చుట్టాడు. తరవాత మెల్లగా అన్నాడు. "డబ్బా ఉంచుకోవచ్చమ్మా, దానికి అభ్యంతరం లేదు. అది ఇంజనుకి పెట్రోలు పోసే లెక్క మార్చాలి. ఇవాళే ఆఖరి గడువు. పాస్ కాకపోతే నంబరు ప్లేటు ఇక్కడే విప్పేసుకుంటాం, ఇక బండి రోడ్డెక్కకూడదు."

"లెక్క మారిస్తే చప్పుడు మారుతుందాండీ?"

"చప్పుడుకి పరీక్ష లేదమ్మా. పొగకే."

మెకానిక్ ఆమెను గోడవారకి తీసుకెళ్ళాడు. ఆమె భర్తకి స్నేహితుడతను. "అరగంట పని చెల్లెమ్మా. లాప్‌టాప్ తగిలించి పెట్రోలు తగ్గిస్తాను, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను తిరిగే వేగం కాస్త పెంచుతాను. నిద్రపోయే పసిపిల్లలా నడుస్తుంది."

"అదే వద్దంటున్నా. ఆ చప్పుడు అలాగే ఉంచలేవా అన్నయ్యా?"

"వాడు పెట్రోలు ఎక్కువ పోసి, వేగం తొక్కిపెట్టాడు కాబట్టే ఆ చప్పుడు. పొగ, చప్పుడు ఒక తల్లి పిల్లలు. ఒకటి పోతే రెండోది ఉండదు."

"పాసయ్యాక మళ్ళీ పాత లెక్క పెట్టెయ్."

"పాసవగానే డబ్బాకి సీలు వేస్తారు. సీలు తెంపితే బండే పోతుంది." తల గోక్కున్నాడు. "పోనీ ఫోన్లో రికార్డు చేసుకో."

"గేటు గడియ తీస్తే ఎవరు తీశారో చెప్పే మనిషి. ఫోనుకి మోసపోతుందా?"

ఆ మనిషి అత్తగారు. చూపు లేదు. కొడుకు పోయాడని చెప్పారు, ఏడ్చింది. నాలుగు రోజులు గడిచాక వాడేడని అడిగింది. మళ్ళీ చెప్పారు, మళ్ళీ ఏడ్చింది. ఆపైన కంచం ముట్టడం మానేసింది. ఒక సాయంత్రం కోడలు ఏదో పనికి కారు తీసి, తిరిగొచ్చి గేటు దగ్గర ఆపితే, "వాడొచ్చాడు, వడ్డించు," అంది. ఆ పూట కడుపునిండా తింది.

అప్పటినుంచి కోడలు రోజూ కారు తీసి వీధులు చుట్టి వస్తుంది. చెప్పులు అతను విడిచినట్టే ఈడ్చి విడుస్తుంది. అతని కుర్చీలో, అత్తగారికి ఎదురుగా కూర్చుని తింటుంది. కోడలు వంటింట్లో ఉన్నట్టు లెక్క. భోజనం దగ్గర నోరు విప్పే అలవాటు అతనికి లేదు. అది కలిసొచ్చింది. చెంచా కంచానికి తగిలే చప్పుడు తప్ప ఆ ఇంట్లో రాత్రిళ్ళు ఇంకేమీ వినపడదు.

"ఏం చెయ్యమంటావు?" అన్నాడు మెకానిక్.

ప్లేటు విప్పేస్తే గేటు దగ్గరికి వచ్చేదే ఏమీ ఉండదు. చప్పుడు మారితే ఏదో ఒక సాకైనా చెప్పుకోవచ్చు.

"మార్చెయ్ అన్నయ్యా."

మెకానిక్ కారులో కూర్చుని లాప్‌టాప్ మీటలు నొక్కుతున్నంతసేపూ ఆమె బానెట్ మీద అరచెయ్యి ఆన్చి నిలబడింది. గుటకలు తగ్గాయి. దెబ్బలు దగ్గరపడ్డాయి. చివరికి చేతి కింద వెచ్చదనం మిగిలింది గాని, వణుకు లేదు.

ఇన్‌స్పెక్టరు పుల్ల మళ్ళీ పెట్టి చూశాడు. "పాస్. ఇప్పుడు మర్యాదస్తురాలైంది," అంటూ డబ్బాకి సీలు బిగించాడు.

ఇంటికి వెళ్ళే దారిలో సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోయిందనుకుని ఆమె తాళం తిప్పింది. నడుస్తున్న ఇంజను కీచుమంది. పక్క బండివాడు వింతగా చూశాడు. ఆయన కారు మార్చారత్తయ్యా, కొత్త కారు. ఆ మాటనే ఇల్లు చేరేదాకా పెదాల మీద తిప్పుకుంది.

గేటు ముందు ఇంజను ఆపకుండా కాసేపు కూర్చుంది. లోపలినుంచి "వాడొచ్చాడు" అన్న మాట రాలేదు. ఆపేసి లోపలికి నడిచింది. చెప్పులు ఎలా విడిచిందో తనకే తెలియలేదు.

అత్తగారు బల్ల దగ్గర, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది.

"ఎవరూ?"

సిద్ధం చేసుకున్న సాకు వదిలేసింది. "నేనే అత్తయ్యా."

అత్తగారు చెయ్యి చాపి, గాల్లో తడిమి, ఆమె వేళ్ళు పట్టుకుంది.

"రోజూ ఆ పోయినవాడే వచ్చి కూర్చుని తిని పోతున్నాడు. ఇన్నాళ్ళకి నువ్వొచ్చావు," అంది. "ఏదో ఒకటి మాట్లాడవే తల్లీ."